డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: కొలత తెలిసిన మనిషి

మన హిజ్లీ స్టేషను మీదుగా దక్షిణానికి పోయే మద్రాసు లైను బాలేశ్వర్, భువనేశ్వర్, విశాఖపట్నం దాటి, రాజమండ్రి దగ్గర గోదావరి మీదుగా సాగి చెన్నై చేరుతుంది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనుల కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. మనలో కొందరం ఆ కుటుంబాల పిల్లలం. మిగిలినవాళ్ళం అమ్మకో నాన్నకో బదిలీ అయితే వచ్చి, మళ్ళీ బదిలీ అయితే వెళ్ళిపోయేవాళ్ళం. ఈ సంచికలో మనం చెప్పుకోబోయే మనిషి కూడా ఈ రైలు దారి వాడే. భీమవరంలో పుట్టాడు, రాజమండ్రిలో పెరిగాడు, మద్రాసులో డాక్టరయ్యాడు. తరవాత సముద్రం దాటి వెళ్ళాడు, మళ్ళీ ఇంటికి రాలేదు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టాడు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. పిల్లలు ఏడుగురు. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆ పిల్లవాడి ఆలోచన. తల్లి ఊరుకోలేదు, వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది. చదువు మాత్రం సాఫీగా సాగలేదు. మెట్రిక్ పరీక్షలో రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలని కొన్నాళ్ళు అనుకున్నాడు, చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

అప్పుడు దేశంలో గాంధీజీ పిలుపు వినిపిస్తోంది. సుబ్బారావు ఖద్దరు కట్టాడు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళాడు. అది ఆచార్యుడికి నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికిచ్చారు. మన హిజ్లీలో 1930లో తెరిచిన నిర్బంధ శిబిరం మనందరికీ తెలుసు. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆ భవనంలోనే 1951లో ఐఐటీ మొదలైంది. వాళ్ళు చెల్లించిన వెల ముందు ఒక పట్టా పోవడం చిన్న నష్టమే. కానీ అప్పుల్లో ఉన్న ఇంటి పిల్లవాడికి అది చిన్నదిగా అనిపించి ఉండదు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. వాళ్ళకు వచ్చిన జబ్బు స్ప్రూ. తిన్న తిండి ఒంటికి పట్టదు, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమవుతాడు, రక్తం పలచబడుతుంది. దానికి ఆనాడు మందు లేదు. కొంతకాలానికి సుబ్బారావుకూ అదే జబ్బు సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డాడు. తరవాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఏ మందు ఎలా పనిచేస్తుందో, ఒంట్లో ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలన్న పట్టుదల ఆ రోజుల్లోనే గట్టిపడింది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కొంత సాయం చేయగా 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ నగరంలో దిగాడు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ దంపతులు మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. సుబ్బారావు గారి గొప్పతనం చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి. ఆయన కనిపెట్టినవాటి ఖరీదులో ఒక భాగాన్ని శేషగిరి గారు చెల్లించారు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్టకూటికి ఒక ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా పనిచేశాడు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. డాక్టరు పట్టా ఉన్నవాడు ఆ పని చేయడానికి సిగ్గుపడలేదు. తరవాత హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు.

ఆ విభాగానికి అధిపతి ఓటో ఫోలిన్. కొద్దిపాటి రక్తంలో, మూత్రంలో ఏ పదార్థం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతులు రూపొందించడంలో ఫోలిన్‌ది అందె వేసిన చేయి. 1904లో క్రియాటినిన్ కొలిచే పద్ధతినీ, 1912లో డెనిస్‌తో కలిసి యూరిక్ ఆమ్లం కొలిచే పద్ధతినీ ఆయన ప్రకటించాడు. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోవాలి. రెండూ మన ఒంట్లో తయారయ్యే వ్యర్థాలే. రెండింటినీ బయటికి పంపే పని ముఖ్యంగా మూత్రపిండాలదే.

ఆ ప్రయోగశాలలో సుబ్బారావు చేసిన మొదటి పెద్ద పని భాస్వరాన్ని కొలవడం. రక్తం నమూనాలో మాలిబ్డేట్ కలిపి, తగిన రసాయనం చేరిస్తే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనాన్ని తెలిసిన నమూనాతో పోల్చి లెక్క కడతారు. 1925లో వెలువడిన ఈ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. వినడానికి ఇది పెద్ద విశేషంలా అనిపించదు. కానీ కొలత లేనిదే వైద్యుడి మాట ఊహ మాత్రమే. మూత్రపిండాలు పాడైనవారి రక్తంలో భాస్వరం పేరుకుపోతుంది. అది ఎంత పేరుకుందో తెలిస్తేనే వైద్యం చేయగలరు.

కొలత చేతికి రాగానే కొత్త సంగతులు బయటపడ్డాయి. కండరంలో భాస్వరం కొలుస్తుంటే లెక్క కుదరలేదు. ఏదో పదార్థం మెల్లగా విడిపోతూ రంగును ఆలస్యం చేస్తోంది. ఆ తేడాను వాళ్ళు పొరపాటని పక్కన పెట్టలేదు, వెంటపడి వెతికారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. అదే ఏడాది ఇంగ్లండులో ఎగల్‌టన్ దంపతులకూ ఆ పదార్థం జాడ తెలిసింది. 1929లో ఏటీపీని ఫిస్కే, సుబ్బారావు ఒకవైపు, జర్మనీలో లోమన్ మరోవైపు విడదీశారు. మనం పరుగెత్తినా, పుస్తకం తిరగేసినా, ఊపిరి పీల్చినా ఖర్చయ్యే శక్తి నాణెం ఏటీపీయే. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పీహెచ్‌డీ ఇచ్చింది.

ఇక్కడ ఒక చక్కని సంబంధం కనిపిస్తుంది. కండరంలో ఉండే క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజూ కొంత మేర క్రియాటినిన్‌గా మారిపోతాయి. ఏటీపీలో ఉండే ప్యూరిన్ అనే భాగం అరిగిపోతే చివరికి యూరిక్ ఆమ్లం మిగులుతుంది. అంటే సుబ్బారావు కనిపెట్టిన రెండు శక్తి పదార్థాల బూడిదనే ఫోలిన్ పద్ధతులు కొలుస్తున్నాయి. ఆ బూడిదను బయట పారబోసేది మూత్రపిండం.

ఆ పారబోత ఎలా జరుగుతుంది? ఇది బదిలీల ఇళ్ళ పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే ఇంట్లో ఏం చేస్తారు? సామానంతా వరండాలోకి తెస్తారు. కావలసినవి ఏరి పెట్టెల్లోకి ఎత్తుతారు, అక్కరలేనివి వదిలేస్తారు. మూత్రపిండం కూడా అదే చేస్తుంది. ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లుంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అందులో నీరు, ఉప్పు, చక్కెర మళ్ళీ రక్తంలోకి ఎత్తుకుంటాయి. చివరికి బయటికి వెళ్ళేది లీటరున్నరో, రెండు లీటర్లో.

అయితే వడకట్టడంతోనే పని అయిపోదు. వడపోతలో పడకుండా రక్తంలోనే మిగిలిన కొన్ని పదార్థాలను నెఫ్రాన్ గొట్టాల గోడలు పట్టుకుని బయటికి నెట్టేస్తాయి. 1923లో అమెరికాలో మార్షల్ అనే శాస్త్రవేత్త ఫీనాల్ రెడ్ అనే రంగుతో కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతిని బలంగా చూపించాడు. వడపోత ఒక్కటే అయితే అంత రంగు మూత్రంలోకి రావడానికి వీల్లేదని ఆయన లెక్క తేల్చింది. అక్కడ కూడా నిజం బయటపెట్టింది రంగూ, కొలతే.

ఈ మోత మోసేవి గొట్టాల గోడల్లో ఉండే ప్రోటీన్లు. వాటిని స్టేషనులో కూలీలనుకుందాం. కొందరు సామాను బయటికి మోస్తారు, కొందరు లోపలికి మోస్తారు. యూరిక్ ఆమ్లం విషయంలో లోపలికి మోసే కూలీలే బలంగా ఉంటారు. వడపోతలో పడిన యూరిక్ ఆమ్లంలో దాదాపు 90 శాతం మళ్ళీ రక్తంలోకే వచ్చేస్తుంది. చాలా జంతువుల్లో దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసే ఎంజైము ఉంది. మనిషి వంశంలో అది ఎప్పుడో పనిచేయడం మానేసింది. అందుకే మనలో యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్ళలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి పుట్టించే గౌట్ జబ్బు అదే.

పెన్సిలిన్ కథ కూడా ఈ కూలీలదే. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్ వాడిన మొదటి రోగికి మందు చాలకపోతే, ఆయన మూత్రంలోంచే దాన్ని తీసి మళ్ళీ ఎక్కించారు. మూత్రపిండం దాన్ని అంత వేగంగా బయటికి మోసేస్తుంది. ఆ మోతను ఆపడానికి బేయర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం ప్రొబెనెసిడ్ అనే మందు తయారుచేసింది. అది కూలీల భుజాల మీద తానే ఎక్కి కూర్చుంటుంది, పెన్సిలిన్ ఒంట్లో నిలిచిపోతుంది. విచిత్రమేమిటంటే, లోపలికి మోసే కూలీలనూ అది అడ్డుకుంటుంది. దాంతో యూరిక్ ఆమ్లం రక్తంలోకి తిరిగి రాలేక బయటికి పోతుంది. అలా ప్రొబెనెసిడ్ గౌట్ మందయింది. ఆ కూలీల్లో ముఖ్యమైనవాళ్ళ ఆచూకీ చాలా కాలానికి దొరికింది. మందులను బయటికి మోసే ఓఏటీ1 అనే ప్రోటీనును 1997లో, యూరిక్ ఆమ్లాన్ని లోపలికి మోసే యురాట్1 అనే ప్రోటీనును 2002లో గుర్తించారు.

ఇప్పుడు మళ్ళీ సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. 1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. త్వరలోనే పరిశోధనలకు అధిపతి అయ్యాడు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు ఆయన మనసులోంచి పోలేదు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు, ఈస్టులో రక్తాన్ని బాగుచేసే ఏదో పోషకం ఉందని అంతకు పదేళ్ళ ముందే చూపించింది. ఆ జాడ పట్టుకుని ప్రపంచంలో చాలామంది పనిచేశారు. సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి, దాని నిర్మాణాన్ని తేల్చింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది. అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్ళయింది.

ఫోలిక్ ఆమ్లం లేనిదే కణం కొత్త ప్యూరిన్లను కట్టలేదు, కొత్త కణాలు పుట్టవు. రక్త క్యాన్సరులో కణాలు అదుపు లేకుండా పుడుతుంటాయి. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ మొదట ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు ముదిరింది. అయితే దానికి వ్యతిరేకంగా పనిచేసే మందు ఇస్తే జబ్బు తగ్గాలి కదా అని ఆలోచించాడు. ఆ మందు లెడర్లీ నుంచే వచ్చింది. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పని చెడగొట్టే అమినోప్టెరిన్‌ను తయారుచేసి పంపింది. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చిన మందు 10 మందిలో జబ్బును కొంతకాలం వెనక్కి తగ్గించింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. అంతకు ముందు ఆ జబ్బు వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు డాక్టర్లు చెప్పగలిగిన మంచి మాట ఏదీ లేదు.

ఆ కుటుంబానికే చెందిన తమ్ముడి లాంటి మందు మెథోట్రెక్సేట్. ఈనాటికీ పిల్లల లుకేమియా చికిత్సలో దానికి చోటుంది. కీళ్ళవాతానికీ చిన్న మోతాదులో వాడతారు. ఈ మందు ఒంట్లోంచి ముఖ్యంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. పెన్సిలిన్‌ను మోసిన కూలీలే దీన్నీ మోస్తారు. ప్రొబెనెసిడ్ లాంటి మందు పక్కన చేరితే ఆ మోత ఆగిపోయి, మెథోట్రెక్సేట్ ఒంట్లో పేరుకుని విషమవుతుంది. కొన్ని నొప్పి మాత్రలతోనూ ఆ ప్రమాదం ఉంది. పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు మూత్రం ఆమ్లంగా ఉంటే మందే స్ఫటికాలై నెఫ్రాన్లలో అడ్డుపడుతుంది. అందుకే ఆసుపత్రిలో బాగా ద్రవాలు ఎక్కిస్తారు, మూత్రాన్ని క్షారంగా ఉంచుతారు, రక్తంలో మందు ఎంత మిగిలిందో కొలుస్తారు. కీళ్ళవాతానికి వాడేవాళ్ళు దాన్ని సాధారణంగా వారానికి ఒక్కసారే వేసుకుంటారు. వారం మాత్రను రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. మన ఇళ్ళలో తాతయ్యో అమ్మమ్మో ఈ మాత్ర వాడుతుంటే, డాక్టరు రాసిన రోజే వేసుకుంటున్నారో లేదో మనం కూడా ఒకసారి చూడవచ్చు.

లుకేమియా చికిత్సలో యూరిక్ ఆమ్లం మరోసారి ఎదురవుతుంది. మందు పనిచేసి క్యాన్సరు కణాలు ఒక్కసారిగా చనిపోతే, వాటిలోని ప్యూరిన్లన్నీ యూరిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల మీద పడతాయి. మందు గెలిచినా మూత్రపిండం ఓడిపోయే ప్రమాదం ఉంది. దాన్ని కాచుకోవడానికి గెర్ట్రూడ్ ఎలియన్, హిచింగ్స్ తరవాతి రోజుల్లో అల్లోప్యూరినాల్ తెచ్చారు. అది యూరిక్ ఆమ్లం తయారీనే తగ్గిస్తుంది. వాళ్ళిద్దరికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

సుబ్బారావు గారు ఇంకా చాలా చేశారు. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజీన్ 1947లో ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. ఆయన హయాంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. ఇన్ని పనుల్లోనూ సుబ్బారావు గారు తన పేరును ముందు పెట్టుకోలేదు, పనిచేసినవాళ్ళ పేర్లే పెట్టించారు. అందుకే ఆయన మందు వాడినవాళ్ళకు కూడా ఆయన పేరు తెలియదు.

1946 దాకా భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కే లేదు. పాతికేళ్ళకు పైగా అక్కడ ఉండి, ఆ దేశ పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో ఆయన నిద్రలో కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. మెథోట్రెక్సేట్ ఎంతమందిని బతికిస్తుందో చూడనే లేదు. స్వతంత్ర భారతదేశాన్నీ చూడలేదు. పుట్టి వందేళ్ళయిన సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు.

రాజమండ్రి అయినా, ఖరగ్‌పూర్ అయినా, రేపు బదిలీ మీద వెళ్ళబోయే ఊరు ఏదైనా, అక్కడి ప్రయోగశాలల్లో రక్తపరీక్ష కాగితాలు ఒకేలా ఉంటాయి. ఈసారి ఇంట్లో ఎవరిదైనా అలాంటి కాగితం కనబడితే మూడు వరుసలు వెతుకుదాం. క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, ఫాస్ఫరస్. మొదటి రెండింటి కొలతలో ఫోలిన్ చేయి ఉంది. మూడోదాని కొలతలో, మెట్రిక్ రెండుసార్లు తప్పిన మన గోదావరి పిల్లవాడి చేయి ఉంది.